అంతోనివారి పక్క మార్చిన జెలిందా

మోంతెసోర్బో గుడి తాళంచెవి జానెడున్నర పొడవుంటుంది. దాన్ని నడుముకి కట్టుకుని ఊరంతా తిరగడం జెలిందా తర్సెత్తి ఒక్కదానికే చెల్లింది. ఆవిడ వీధిలో నడుస్తుంటే ఆ ఇనుము తొడకి తగిలి టక్కుటక్కుమంటుంది. ఆవిడ గురించి మాట్లాడుకునేవాళ్ళకి ఆ చప్పుడు మేలే చేస్తుంది, వేళకి మాట మార్చుకుంటారు. ఇక గుడి తాళం ఒక పట్టాన ఊడేది కాదు. కుడికి రెండు తిప్పులు తిప్పి, తలుపుని భుజంతో నెట్టి, దాని ఏడు తరాలూ ఎత్తి తిట్టాలి. ఆ తిట్లు జెలిందాకి తల్లి ఆర్జియా నేర్పి పోయింది. దోన్ ఎవారిస్తో ఈ ఊరి గుడికి గురువుగా వచ్చిన కొత్తలో, దేవుడి గుమ్మంలో ఈ మాటలేమిటమ్మా అని మందలించాడు. జెలిందా తాళంచెవి ఆయన చేతిలో పెట్టింది. ఫాదరుగారు అరగంట కుస్తీ పట్టి, ఆఖరికి ఆ మాటల్లో ఒకటి తనే అన్నాడు. తలుపు తెరుచుకుంది. మళ్ళీ ఎన్నడూ మందలించలేదు.

ఆ తాళం వెనక దాచుకోదగ్గ సొత్తు ఒక్కటే ఉంది, పీఠం వెనకాల గోడమీది మూడు చెక్కల పటం. నడిమి చెక్క మీద మరియమాత. పక్క చెక్కల మీద ఇద్దరు పునీతులు. ఒకరు అరచేతిలో ఊరి బొమ్మ పట్టుకున్న కుర్ర వెనాన్సియోవారు, రెండోవారు పందిని వెంటబెట్టుకున్న ముసలి అంతోనివారు. ఐదువందల ఏళ్ళ కిందట ఒక దేశదిమ్మరి చిత్రకారుడు పదకొండు నెలలు ఈ ఊరి తిండి తిని, ఈ ఊరి ద్రాక్షసారా తాగి, ఈ పటం వేసి వెళ్ళాడు. వెళ్ళేటప్పుడు దిగువ వీధివాళ్ళు అతనికి ఒక పందిని కూడా ఇచ్చారట. ఆ పందిని చూసే పటంలో పందిని వేశాడనీ, అందుకే అది అంత బక్కచిక్కి ఉందనీ ఎగువ వీధివాళ్ళు నేటికీ ఎత్తిపొడుస్తూంటారు.

మూడువందల ఏళ్ళు పటం నిక్షేపంగా నిలబడింది. తర్వాత ఫ్రెంచివాళ్ళు వచ్చి ఎడ్లబండి మీద మిలాను తోలుకుపోయారు. బంగారు రేకుల చట్రం ఊడబీకారు. పెట్టెలో పట్టడం లేదని పక్క చెక్కల అంచులు వేలెడు మేర రంపంతో కోసేశారు. ఊరివాళ్ళు ఊరుకోకుండా ఆరేళ్ళపాటు అర్జీల మీద అర్జీలు పంపించారు. పటం పోయినప్పటినుంచీ మా కోళ్ళు గుడ్లు మానేశాయని కూడా ఒక అర్జీలో రాశారు. చివరికి విసుగెత్తి పంపేశారో, కోళ్ళ మీద జాలిపడ్డారో, చెక్కలు మూడూ తిరిగొచ్చాయి. చట్రం మాత్రం రాలేదు. అప్పటినుంచి వాటిని గోడకి మేకులు కొట్టి ఒకదాని పక్కన ఒకటి వేలాడదీస్తున్నారు. మోంతెసోర్బోలో పాలు విరిగిపోయినా ఆ నేరం ఇప్పటికీ ఫ్రెంచివాళ్ళదే.

పీఠం ముందు నిలబడి చూస్తే అంతోనివారు ఎడమచేతివైపు ఉండేవారు. మాతకి వీపు పెట్టి, ఎడమ గోడకున్న పక్క తలుపు వైపు చూస్తూ ఉండేవారు. కుడిచేతివైపు వెనాన్సియోవారు, ఆయనా మాతకి వీపు పెట్టి, జనం పాపాలు చెప్పుకునే పాపసంకీర్తన గూడు వైపు చూస్తూ ఉండేవారు. దేవుడి తల్లిని నడిమిన పెట్టుకుని ఇద్దరు పునీతులూ చెరోవైపూ మొహం తిప్పుకోవడం ఏమిటని బయటివాళ్ళు అడిగితే ఊరివాళ్ళ దగ్గర జవాబు తయారుగా ఉండేది. అంతోనివారు పశువుల దేవుడు కదా, పశువులు వచ్చేది పక్క తలుపు దగ్గరకి కదా. ఏటా జనవరి పదిహేడున ఊళ్ళోని గాడిదలు, ఆవులు, గొర్రెలు, పిల్లులు, గంపల్లో కోళ్ళు అన్నీ ఆ తలుపు ముందు బారులు తీరతాయి. ఫాదరుగారు పవిత్ర జలం చల్లుతారు. అయితే జలం కంటే అంతోనివారి చూపు పడటమే ముఖ్యం. చూపు పడని పశువు ఆ ఏడు ఈనదు, లేదా ఈని తంతుంది.

వెనాన్సియోవారు ఏం చూస్తున్నారన్నదానికి ఎవరి దగ్గరా మంచి జవాబు లేదు. కుర్రవాడు, పాపాలు వినాలని సరదా పడుతున్నాడు అనేవారు.

పునీతుల పక్క మారిందని ఆ ఊళ్ళో అన్నవాడు ఒకే ఒక్కడు, గాడిదల నజరేనో చారోక్కి. యుద్ధంలో పట్టుబడి, ఆఫ్రికా ఎడారిలో ఖైదీగా ఉండి, అందరికంటే ఆలస్యంగా ఇల్లు చేరాడు. వచ్చిన మొదటి ఆదివారమే పూజ మధ్యలో లేచి, "ఇవి తారుమారయ్యాయి. అంతోనివారు ఇటుపక్క ఉండేవారు," అని చెయ్యి చూపించాడు. ఎండదెబ్బ, పాపం, అనుకున్నారు అందరూ. ముప్పై ఎనిమిదేళ్ళుగా అతను అదే మాట అంటున్నాడు, వీళ్ళు ఇదే మాట అనుకుంటున్నారు. అతను అంతోనివారి సంఘానికి పెద్ద అయ్యాక కూడా ఎండ దిగలేదు.

"ఏమమ్మా జెలిందా, మీ అంతోని ఇంకా అలిగే ఉన్నాడా?" అని అడిగేవాడు దారిలో కనబడినప్పుడల్లా.

"నీ మొహం చూడలేక అటు తిరిగాడు, నజరేనో. టోపీ పెట్టుకో, ఎండగా ఉంది," అనేది జెలిందా.

ఇలా సాగుతూండగా గుడి కప్పు కారి, మాత పాదాల దగ్గర రంగు పొక్కులు లేచింది. పటానికి వైద్యం చెయ్యాలని పట్నం నుంచి లవీనియా అనే ఆవిడ వచ్చింది. ఆవిడని అందరూ డాక్టరమ్మ అంటే, కీళ్ళనొప్పుల ముసలివాళ్ళు నలుగురు వరసలో నిలబడ్డారు. ఆవిడ బొమ్మల డాక్టరు మాత్రమేనని తెలిసి గొణుక్కుంటూ వెళ్ళిపోయారు. మూడు చెక్కలనీ దుప్పట్లలో చుట్టి వ్యానెక్కించారు. జెలిందా వ్యాను వెనక తలుపు దగ్గర చాలాసేపు నిలబడింది. అంతోనివారిని మాత్రం తనే మోసుకొచ్చి ఎక్కించింది, ఎడమ అంచు తన రొమ్ముకి ఆనించి పట్టుకుని. ఎంత భక్తి అనుకున్నారు చూసినవాళ్ళు.

ఏడాది తిరిగాక, నవంబరులో, ఉత్తరం వచ్చింది. దోన్ ఎవారిస్తో దాన్ని కాఫీ కొట్టులో చదివాడు, ఎందుకంటే గుడిలో అయితే ఎవరూ మధ్యలో ప్రశ్నలు అడగరు.

"మాత, వెనాన్సియోవారు క్రిస్మసుకి వచ్చేస్తున్నారు," అన్నాడు.

"అంతోనివారో?" అన్నాడు నజరేనో.

ఫాదరుగారు కళ్ళజోడు సర్దుకున్నాడు. "అంతోనివారు ఈ పటం తాలూకు కాదట. మాతకి వీపు పెట్టినవాడు ఆ పటంలోవాడై ఉండడని పెద్దలు తేల్చారట. వెనాన్సియోవారి అరచేతిలో మన ఊరి బొమ్మ ఉంది కాబట్టి ఆయన్ని మాత్రం ఒప్పుకున్నారట. అటు పెట్టి చూశారు, ఇటు పెట్టి చూశారు, బొమ్మల్లో నేల మీది గళ్ళు ఎటూ అతకలేదట. మిలాను నుంచి వచ్చేటప్పుడు వేరే ఊరి పునీతుణ్ణి మన బండిలో వేసి ఉంటారట. అంచున కాలిన మచ్చ కూడా ఆ ప్రయాణంలోదే అయి ఉంటుందట. కాబట్టి ఆయన్ని పట్నంలో మ్యూజియంలోనే ఉంచుకుంటారట."

"కాలిన మచ్చా? ఫ్రెంచివాళ్ళు కాల్చారా కూడానూ?" అన్నారు ఎవరో, కొంచెం సంతోషంగానే.

నజరేనో బల్ల చరిచాడు. "పక్క మార్చి వేలాడదీస్తే వీపు పెట్టక ఏం చేస్తాడయ్యా? ముప్పై ఎనిమిదేళ్ళనుంచి మొత్తుకుంటున్నాను."

"టోపీ ఏదిరా నజరేనో?" అన్నారు నలుగురైదుగురు ఒక్కసారే.

జెలిందా నవ్వలేదు. కప్పులో కాఫీ అలాగే వదిలేసి, టక్కుటక్కుమంటూ ఇంటికి వెళ్ళిపోయింది. పక్క మార్చింది తనే మరి. ఆ సంగతి పైనున్న ఆర్జియాకీ తనకీ తప్ప ఎవరికీ తెలియదు.

యుద్ధకాలంలో, పంతొమ్మిదివందల నలభై నాలుగు వేసవిలో, జర్మన్లు వెనక్కి పోతూ చేతికందినదల్లా పట్టుకుపోతున్న రోజుల్లో, అప్పటి ముసలి ఫాదరు మూడు చెక్కలనీ మూడు ఇళ్ళలో దాచాడు. అంతోనివారు ఆర్జియా వాటాకి వచ్చారు. అటక మీద దాస్తే వెతుకుతారని ఆర్జియా ఆయన్ని వంటింటి బల్ల మీదే పరిచింది, మొహం కిందికి పెట్టి, కింద ఉన్ని కంబళి వేసి. వీపు మీద పిండి చల్లింది. అంతే, అంతోనివారు పిండి పీట అయిపోయారు. మూడు నెలలు ఆయన వీపు మీద పిండి ఒత్తి, ఉడికించుకు తినే తల్యతెల్లె పట్టీలు కోసింది. ఆదివారాలు మొక్కజొన్న సంకటి ఆ పీట మీదే పోసి, ఇంటిల్లిపాదీ చుట్టూ కూచుని ఎవరి అంచునుంచి వాళ్ళు తినుకుంటూ మధ్యకి వచ్చేవారు. సైనికులు రెండుసార్లు ఇల్లు సోదా చేశారు. రెండోసారి వచ్చినవాళ్ళు అదే పీట మీద సంకటి తిని, ధన్యవాదాలు చెప్పి, గోడ గడియారం పట్టుకుపోయారు.

ఆ రెండోసారే జరిగింది. అప్పుడు జెలిందాకి ఇరవై రెండేళ్ళు. తల్లి పెరట్లో ఉన్నప్పుడు పీట తిరగేసి అంతోనివారి మొహం చూడటం అలవాటు. గుడిలో అయితే అంత దగ్గరగా ఎవరు చూడనిస్తారు? ఆ రోజు అలా చూస్తూండగా గుమ్మంలో బూట్ల చప్పుడు అయింది. తిరగెయ్యడానికి వ్యవధి లేదు. బల్లగుడ్డ లాగి ఆయన మీద కప్పి, పొయ్యి మీద కుతకుతలాడుతున్న రాగి గుండిగ తెచ్చి పైన పెట్టేసింది. ఆర్జియా వచ్చి, గుండిగ దింపి, ఒక్క చూపుతో సంగతి గ్రహించి, సైనికులకి కాసిని పళ్ళు పెట్టి పెరట్లో కూర్చోబెట్టి పీట తిరగేసింది. అప్పటికే ఎడమ అంచున అర్ధచంద్రంలా నల్లగా కాలింది.

యుద్ధం అయ్యాక ముసలి ఫాదరు చనిపోయాడు. కొత్తాయనకి ఏదెటు ఉండేదో తెలియదు. తాళంచెవి ఆర్జియాది కాబట్టి వేలాడదీయడం కూతురి మీద పడింది. ఉండవలసిన చోట పెడితే ఆ మచ్చ మాత పక్కనే, ఊరందరి కళ్ళకీ ఎదురుగా. అటుపక్కకి మారిస్తే స్తంభం చాటుకి పోతుంది. జెలిందా ఇద్దరు పునీతులనీ అటుదిటు మార్చేసింది. యుద్ధం నుంచి తేరుకుంటున్న జనానికి ఎవరు ఎటుండేవారో పట్టలేదు. రెండు ఆదివారాలాగి ఎవరూ చూడకుండా సరిచేద్దాం అనుకుంది. ఈలోపల అంతోనివారు తలుపు వైపు చూస్తున్నారన్న మాట పుట్టి, పశువులకి అలవాటైపోయింది. అంతలో నజరేనో వచ్చి నిజం చెప్పేశాడు. అతనికి ఎండదెబ్బ అని మొట్టమొదట అన్నది జెలిందాయే.

ఇప్పుడు నోరు మూసుకుంటే ఫ్రెంచివాళ్ళ ఖాతాలో ఇంకో పాపం పడుతుంది, అంతే. వాళ్ళు మోయలేరా? కానీ అంతోనివారు మాత్రం ఎవరూ తెలియని హాల్లో, పక్కన ఊరూపేరూ లేని అట్ట ముక్కతో, ఎప్పటికీ పరాయివాడిగా నిలబడిపోతారు. ఆ ముసలాయన తన వంటింట్లో మూడు నెలలు బోర్లా పడుకుని, వీపు మీద కత్తి గాట్లు పడుతున్నా కిక్కురుమనలేదు. ఆయన్ని పరాయివాణ్ణి చెయ్యడానికి జెలిందాకి మనసొప్పలేదు. ఆ రోజంతా ఏడ్చింది, మధ్యమధ్య గుండిగ తోముతూ.

మర్నాడు ఉదయం గుండిగ ఒళ్ళో పెట్టుకుని పట్నం బస్సెక్కింది.

డాక్టరమ్మ గదిలో అంతోనివారు బల్ల మీద బోర్లా పడుకుని ఉన్నారు. జెలిందాకి ఆయన వీపు చూడగానే ఇంటిమనిషిని ఆసుపత్రిలో చూసినట్టు అనిపించింది.

"రండి జెలిందాగారూ. ఈ గాట్లు చూశారా? వందలున్నాయి, అన్నీ ఒకే ఎడంలో. వడ్రంగి జిగురు పట్టడానికి గీశాడని ఒకరు, కాదని ఇంకొకరు వ్యాసాలు రాశారు," అంది లవీనియా.

"తల్యతెల్లె," అంది జెలిందా.

"ఏమిటి?"

"మా అమ్మ కోతమ్మా అది. చిటికెన వేలు గోరంత వెడల్పు. దిగువ వీధివాళ్ళు ఇంకా లావుగా కోస్తారు, పద్ధతి తెలీక."

తర్వాత కూర్చోమన్నా కూర్చోకుండా మొత్తం చెప్పింది. లవీనియా ఏమీ రాసుకోలేదు, నోరు తెరుచుకుని విన్నది. చెప్పడం అయ్యాక ఇద్దరూ కలిసి అంతోనివారిని వెల్లకిలా తిప్పారు. జెలిందా గుండిగని మచ్చ మీదుగా, తగలకుండా, గాలిలో పట్టుకుంది. రాగి అంచుకీ నల్లటి అర్ధచంద్రానికీ వెంట్రుకవాసి తేడా లేదు.

"కాలకముందు ఇక్కడ ఏముండేదో గుర్తుందా మీకు?" అంది లవీనియా, గొంతు తగ్గించి.

"గుర్తులేకేం. నీలం గుడ్డ చెంగు, బంగారు అంచుతో. ఈ పంది ముందుకాలు దాని మీద వేసి ఉండేది. పాపం మాతమ్మ చీర తొక్కేస్తున్నావేమే అని నవ్వుకునేదాన్ని."

లవీనియా భూతద్దం పట్టుకుని మచ్చ చుట్టూ వంగింది. చాలాసేపటికి తలెత్తింది. "మసి కింద నీలం నలుసులు ఉన్నాయి. నేల గళ్ళు అతకలేదంటే మరి, అతికే అంచుని ఒకపక్క రంపం తినేసింది, ఇంకోపక్క మీ గుండిగ తినేసింది. చెంగు మాతది. ఈయన ఈ పటంలోవాడే." అద్దం కింద పెట్టి అంది, "కానీ నేనొక్కదాన్నీ అంటే పెద్దలు ఒప్పుకోరు. మీరు రాసివ్వాలి. దాంతోపాటు, పాత పక్క గుర్తున్న మనిషి ఇంకొకరు సంతకం చెయ్యాలి. ఇన్నేళ్ళలో పక్క మారిందని అన్నవాళ్ళు మీ ఊళ్ళో ఎవరైనా ఉన్నారా?"

జెలిందా గుండిగ కింద పెట్టింది. "ఒకడున్నాడు," అంది, ఆముదం తాగిన మొహంతో.

నజరేనో కొట్టంలో గాడిద ఎస్టెరీనాకి గిట్టలు చెక్కుతున్నాడు. జెలిందా గుమ్మంలోనే నిలబడి, ఒక్క గుక్కలో, తాళాన్ని తిట్టే వేగంతో చెప్పేసింది. అతను ఎగిరి గంతేస్తాడని, వీధుల్లో కేకలేస్తాడని అన్నిటికీ సిద్ధపడి వచ్చింది. అతను గిట్ట వదిలి నెమ్మదిగా నిలబడ్డాడు.

"నాకు ఎండదెబ్బ అని నువ్వు కూడా అన్నావు కదా జెలిందా."

"అన్నాను. అందరికంటే ముందు నేనే అన్నాను."

"మా ఆవిడ నమ్మింది ఆ మాట. నేనేం చెప్పినా, సరేలే సరేలే అనేది, పిచ్చివాడితో అన్నట్టు. అలాగే అనుకుంటూ పోయింది."

 మచ్చ పడింది పటానికి మాత్రమేనని జెలిందా ఇన్నాళ్ళూ అనుకుంది. నడుముకున్న తాళంచెవి విప్పి అతని ముందు పట్టుకుంది. "ఇది నా దగ్గర ఉండకూడదు. నువ్వుంచుకో."

నజరేనో దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, తిరిగి ఆమె చేతిలోనే పెట్టాడు. "నాకెందుకు? ఆ తిట్లు నాకు రావు. గుండిగ ఇంకా ఉందా?"

"ఉంది."

"అయితే ఆదివారం దాన్నిండా సంకటి వండు. ఊరందరినీ పిలు. నువ్వు గరిటె పట్టుకుని నిలబడి ఈ కథంతా చెప్పు. ఎండదెబ్బ సంగతి మర్చిపోకు. అయ్యాక సంతకం పెడతాను."

చెప్పింది. ఊరంతా సంకటి బల్లల చుట్టూ కూర్చుని తినడం మర్చిపోయి విన్నారు. కొందరు మొహాలు చిన్నబుచ్చుకున్నారు, ముఖ్యంగా మచ్చ ఫ్రెంచివాళ్ళ పనే కావాలని ఆశపడ్డవాళ్ళు. చివరికి ఎగువ వీధి ముసలాడొకడు లేచి నజరేనో దగ్గరకి వెళ్ళి, తన టోపీ తీసి చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. ఆ తర్వాత ఒక్కొక్కరూ తీశారు. నజరేనో ఎవరివైపూ చూడకుండా సంకటి తిన్నాడు, రెండుసార్లు వడ్డించుకుని.

అంతోనివారు జనవరి పదిహేనున వచ్చారు. డాక్టరమ్మ దగ్గరుండి వెనాన్సియోవారిని ఎడమకి మార్పించి, అంతోనివారిని కుడిపక్కన, మాతకి ఎదురుగా మొహం ఉండేలా వేలాడదీయించింది. రంపం పోగొట్టిన మేర వేలెడు ఖాళీ వదిలింది. గళ్ళు దాన్ని దాటి ఒకదానితో ఒకటి కలిశాయి. మచ్చకి మాత్రం రంగు వెయ్యలేదు. ఇదీ ఆయన బతుకులో జరిగిందే కదా, ఉండనీ, అంది. ఇక రోజూ ఆ మచ్చ మీద దుమ్ము దులపాలి జెలిందా.

పదిహేడు ఉదయం పక్క తలుపు ముందు పశువులన్నీ చలికి ఆవిర్లు కక్కుతూ నిలబడ్డాయి. మనుషులు మాత్రం గుసగుసలాడుకుంటున్నారు. ఆయన ఇప్పుడు మాతవైపు తిరిగిపోయారు కదా, మన గొడ్లని ఎవరు చూస్తారు? అందరికంటే ఎక్కువ సణుగుతున్నవాడు నజరేనో.

"ఎస్టెరీనా చూలుతో ఉంది. ఈ ఏడే ఆయన చూపు తప్పిపోవాలా? అటుపక్కే బాగుండేదేమో," అన్నాడు.

"ముప్పై ఎనిమిదేళ్ళు పోరి ఇప్పుడా ఆ మాట?" అంది జెలిందా.

ఆమె లోపలినుంచి పక్క తలుపు గడియ తీసి, రెక్కలు రెండూ బార్లా తెరిచింది. ముందున్న ఎస్టెరీనా చలికి తట్టుకోలేక తల లోపలికి పెట్టింది. జెలిందా దాని మెడ పట్టుకుని వెనక్కి నెట్టబోతూ, అలవాటు కొద్దీ, పీఠం వైపు చూసింది. నెట్టడం ఆపేసింది.

"నజరేనో, ఇలా రా. గాడిద పక్కన నిలబడి చూడు."

అతను వచ్చి చూశాడు. కుడిపక్కనుంచి అంతోనివారు ఎడమకి చూస్తున్నారు, ఎప్పటిలాగే. ఆ చూపు నల్లటి మచ్చ మీదుగా, మాత ఒడి ముందునుంచి, గుడి అడ్డంగా సాగి, సరిగ్గా ఈ తలుపులోకి, ఎస్టెరీనా చెవుల మధ్యకి వచ్చి ఆగింది. చిన్నప్పుడు తనని కూడా అలాగే చూసేవారని అతనికి అప్పుడు గుర్తొచ్చింది.

"ఎటు పెట్టినా ఇటే చూస్తున్నాడే," అన్నాడు.

"చూస్తాడు మరి. ఎటొచ్చీ ఇన్నాళ్ళూ నేను ఆయన చేత అమ్మకి వీపు పెట్టించాను," అంది జెలిందా.

 నజరేనో తన టోపీ తీసి గాడిద తల మీద పెట్టాడు. వెనక బారులో కోళ్ళ గంపలవాళ్ళు తొందరపెడుతున్నారు. జెలిందా ఎస్టెరీనా మెడ వదిలేసి పక్కకి తప్పుకుంది, అది లోపలికి రెండడుగులు వేసినా అడ్డుపడలేదు.